చండీగఢపుఁ గార్యాలయపీఠములు: వాని వెనుకటి వ్రాతలు

1947లో దేశము విభక్తమై లాహోరు పాకిస్థానమునకుఁ జెందుటచేఁ దూర్పు పంజాబునకు రాజధాని లేకపోయెను. ఆ కొఱఁతఁ దీర్చుటకై వెలసిన నగరము చండీగఢము. నగరరచనకు లె కార్బూజియే ప్రధానుఁడు. అతని జ్ఞాతియగు పియర్ జన్నెరే (1896-1967) 1951లో వచ్చి, 1965 వఱకు నచటనే యుండి పనులు నడపెను.

భవనములు లేచినంతట వానిలోఁ గూర్చుండి వ్రాయుటకుఁ గుర్చీలు, బల్లలు, దస్త్రముల బీరువాలు వేలకొలఁదిగాఁ గావలసివచ్చెను. జన్నెరే, యూలీ చౌధురి మున్నగు సహచరులతోఁ గూడి వానికి రూపము కల్పించెను. టేకును బేమును వానికి ముఖ్యద్రవ్యములు. వేసవిలో మేనికి గాలి సోఁకునట్లు పెక్కు కుర్చీల యాసనమును వీపుభాగమును బేముతో నల్లిరి. కాళ్లు తెఱచిన వృత్తలేఖినిని బోలియుండును. స్థానికులగు వడ్రంగులు చేతితోఁ జేసినవగుటచే నొకే మచ్చునకుఁ జెందిన రెండు కుర్చీలును సరిగా నొక్కతీరున నుండవు.

ఇవి యానాఁడు కార్యాలయసామగ్రిగా మాత్రమే లెక్కకెక్కినవి. పెక్కింటిపైఁ గార్యాలయము పేరును వరుససంఖ్యయు రంగుతో వ్రాయఁబడెను. కాలక్రమమునఁ బేము తెగియుఁ గాలు విఱిగియు మూలఁబడి, పాతసామానుగా వేలమునకుఁ బోయెను. వానిని గొన్న విదేశవర్తకులు బాగుచేయించి, ఐరోపా, అమెరికాల వేలములలో మిక్కిలి వెలకమ్మిరి.

2011లో భారత హోంమంత్రిత్వశాఖ యీ సామగ్రి నమ్మరాదని యుత్తరువిచ్చెను. 2016లో శాసనసభ, సచివాలయము, ఉన్నతన్యాయస్థానము గల ప్రాంగణము ప్రపంచ వారసత్వస్థలముగాఁ బరిగణింపఁబడెను. అయినను 1972 నాఁటి పురావస్తుశాసనము సామాన్యముగా నూఱేండ్లు నిండిన వస్తువులనే, వ్రాఁతప్రతులైనచో డెబ్బదియైదేండ్లు నిండినవానినే, పురావస్తువులుగా నెంచును. ఆ లెక్కఁ జూడఁగా నీ కుర్చీలలో మొదటివి సైతము 2050 దాఁటినఁగాని యా రక్షణకుఁ దగవు. భవనమునకు గౌరవము కలిగెను గాని, యందు నలువదియేఁబదియేండ్లు గుమాస్తాను మోసిన కుర్చీకి నది సంక్రమింపలేదు.

చరిత్రకారునకు ఱాతిపై శాసన మెట్టిదో కుర్చీపై నున్న సంఖ్య యట్టిది. ఏ శాఖలో నుండెనో, యెన్నవదియో యది చెప్పును. నకిలీలు పుట్టుచున్న యీకాలమున నది యొక సాక్ష్యము. మెఱుఁగుపెట్టువాఁడు దానిని గీఁకివేసినచోఁ గఱ్ఱ మిగులును, వృత్తాంతము పోవును. కావున విఱిగిన కుర్చీని బయట వేయుటకు ముందే దాని సంఖ్యను, స్థానమును, నాఁటి స్థితిని గ్రంథస్థముచేయుట ప్రతికార్యాలయమునకు విధి. ఇందులకు ధన మక్కఱలేదు. ఒక పుస్తకమును, శ్రద్ధగల యొక లేఖకుఁడును జాలును.