టమాటలో వేరుబుడిపె నులిపురుగు

వేరుబుడిపె నులిపురుగు మెలాయిడోగైనే ప్రజాతికి చెందిన సూక్ష్మమైన నేల జీవి. 1855లో ఇంగ్లాండులో గాజు గదుల్లో పెంచిన దోస వేళ్లపై బెర్క్‌లీ దీన్ని మొదట గుర్తించాడు. మన దేశంలో 1901లో దక్షిణాది తేయాకు తోటలో బార్బర్ కనుగొన్నాడు. టమాటతో పాటు వంగ, బెండ, మిరప, దోస, సొర, బీర వంటి పెరటి కూరగాయలన్నీ దీనికి ఆహారమే. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న తేలిక నేలల్లో బెడద మరీ ఎక్కువ.

తెగులు సోకిన మొక్క గిడసబారుతుంది, ఆకులు పాలిపోతాయి. నేలలో తడి ఉన్నా మిట్టమధ్యాహ్నం తల వాల్చి సాయంత్రానికి తేరుకుంటుంది. నీరు చాలలేదనో, ఎరువు తక్కువైందనో అనుకుని మళ్లీ నీళ్లు, యూరియా వేయడం దండగ. మొక్కను పారతో పెళ్లగించి వేళ్లు కడిగి చూడాలి. ఆవగింజంత నుంచి శనగగింజంత వరకు బుడిపెలు ఉంటాయి. ముదిరితే ఒకదానితో ఒకటి కలిసిపోయి వేరంతా లావెక్కుతుంది. చిక్కుడు, అలసంద వేళ్లకు ఉండే మేలు చేసే బుడిపెలు గోటితో గీకితే ఊడివస్తాయి. నులిపురుగు బుడిపెలు ఊడవు, ఉబ్బింది వేరు భాగమే కాబట్టి.

అర మిల్లీమీటరైనా ఉండని పిల్లపురుగు వేరు కొన దగ్గర లోపలికి దూరుతుంది. దాని స్రావాల వల్ల చుట్టూ ఉన్న కొన్ని కణాలు విపరీతంగా పెరిగి, మొక్క ఆహారాన్ని పురుగుకు అందిస్తాయి. ఆడపురుగు అక్కడే ఉబ్బి, జిగురు ముద్దలో వందల గుడ్లు పెడుతుంది. వెచ్చని నేలలో నెల రోజులకు ఒక తరం పూర్తవుతుంది. అంటే ఒక్క టమాట పంట మీదే మూడు నాలుగు తరాలు పెరుగుతాయి. గాయపడ్డ వేళ్ల గుండా వడలు తెగులు కూడా సులువుగా ప్రవేశిస్తుంది.

ఒకసారి పట్టిన నేల నుంచి దీన్ని పూర్తిగా తుడిచిపెట్టడం దాదాపు అసాధ్యం. సంఖ్యను తగ్గించుకోవడమే చేయగలిగింది, అదీ నారు నాటకముందే జరగాలి. ఏప్రిల్, మే నెలల్లో నేలను తడిపి, పారదర్శక ప్లాస్టిక్ పట్టాను అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు కప్పితే పై పొరలోని పురుగులు, గుడ్లు చాలావరకు వేడికి చస్తాయి. లోతున ఉన్నవి మిగులుతాయి. ఆ తర్వాత వేపపిండి, బాగా మాగిన పశువుల ఎరువు కలపడం మంచిది. బంతి విషయంలో ఒక అపోహ ఉంది: టమాటల మధ్య అక్కడక్కడా నాలుగు బంతి మొక్కలు పెడితే చాలని. దానివల్ల పెద్దగా ఫలితం ఉండదు. ఆ మడి నిండా ఒత్తుగా బంతి వేసి రెండు మూడు నెలలు పెంచితేనే పురుగు తగ్గుతుంది. జనుము, నువ్వులతో పంట మార్పిడి కూడా ఉపయోగకరం.

తట్టుకునే రకాల్లో హిస్సార్ లలిత్, పంజాబ్ ఎన్‌ఆర్-7 ఉన్నాయి. ప్రపంచమంతటా నిరోధక సంకరాలకు ఆధారమైన ఎంఐ జన్యువును 1940లలో పెరూ అడవి టమాట నుంచి తెచ్చారు. నేల వేడి 28 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈ జన్యువు పట్టు సడలుతుంది. అందుకే మన వేసవి పంటలో దాన్నే నమ్ముకోవడం సరికాదు.

నులిపురుగు తనంతట తాను ఎక్కువ దూరం పోలేదు. నారు, మట్టి, పారే నీరు, పనిముట్లే దాన్ని మోసుకొస్తాయి. నారు కొనేముందు ఒక మొక్క వేళ్లు కడిగి చూడండి. పంట అయ్యాక మొక్కలను వేళ్లతో సహా పీకి, ఎండబెట్టి కాల్చండి, ఎరువు గుంతలో మాత్రం వేయకండి.