కీర్తనల పుస్తకంలో ఎవరికి చోటు?

'అమెరికా' అనే దేశభక్తి గీతం మనందరం ఏదో ఒకప్పుడు విన్నదే. బ్రిటిష్ జాతీయగీతం వరసలోనే నడుస్తుంది. మన పిల్లలు ఇక్కడి బడుల్లో నేర్చుకుంటారు. దాన్ని రాసినవారు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్. మసాచుసెట్స్‌లోని యాండోవర్‌లో మతశాస్త్రం చదువుకునే రోజుల్లో రాశారు. 1831 జులై 4న బోస్టన్ పార్క్ స్ట్రీట్ చర్చిలో పిల్లలు దాన్ని మొదటిసారి పాడారు. అదే స్మిత్ గారు మన నెల్లూరు కోసం కూడా ఒక పద్యం రాశారని మాత్రం మనలో చాలా కొద్దిమందికే తెలుసు.

అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే 1836లో తెలుగు ప్రాంతానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన వార్షిక సభలో 'ఈ మిషన్ మూసేద్దామా?' అన్న ప్రశ్న వచ్చింది. మిషన్ పటంలో తెలుగు దేశానికంతటికీ ఒకే ఒక్క నక్షత్రం గుర్తు, అదీ నెల్లూరు దగ్గర. ఆ గుర్తు మీదనే స్మిత్ 'లోన్ స్టార్' అన్న పద్యం రాశారు. ఆయన పద్యం సభ మనసు మార్చింది, మిషన్ నిలిచింది. పాతికేళ్ళ తరువాత, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ మనుషులు గుడిలోకి వచ్చారు. మరి వాళ్ళ పాట, వాళ్ళ వాద్యం వాళ్ళతోపాటు లోపలికి వచ్చాయా? నేటి అమెరికా చర్చిల్లో 'ఇన్‌క్లూజన్' అనే పేరుతో జరుగుతున్న చర్చ అంతా దాదాపు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మన తెలుగువారికి దీనితో నూట తొంభై ఏళ్ళ అనుభవం ఉంది.

పురుషోత్తమ చౌదరి గారి వరస

తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆదికవి అనదగినవారు పురుషోత్తమ చౌదరి (1803–1890). గంజాం ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మాతృభాష ఒరియా. 1833లో క్రైస్తవం స్వీకరించారు. ఆయన కీర్తనలు రాసింది మాత్రం తెలుగులో! 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం కనిపిస్తాయి. పల్లవి, అనుపల్లవి, చరణాల నడక కనిపిస్తుంది. బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వారు తమలో తాము ఎన్ని విషయాల్లో విభేదించినా ఈ పుస్తకం దగ్గర ఒకటవుతారు.

ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే దీనికి ముందున్న పద్ధతి చూడాలి. మిషనరీలు ఇంగ్లీషు హిమ్‌లను తెలుగులోకి మార్చి ఇంగ్లీషు వరసల్లోనే పాడించేవారు. ఇంగ్లీషు హిమ్‌కు పాదానికి ఇన్ని సిలబుల్స్ అని లెక్క. ఎనిమిది, ఆరు, ఎనిమిది, ఆరుగా నడిచేదాన్ని 'కామన్ మీటర్' అంటారు. ఏ సిలబుల్ మీద ఊనిక పడుతుందన్నది అందులో ముఖ్యం. తెలుగులో ఊనిక కాదు, గురులఘువులు ముఖ్యం. వరస కోసం హ్రస్వాన్ని సాగదీస్తే 'కల' కాస్తా 'కాల' అవుతుంది. పాడేవాడికి భక్తి ఉన్నా వినేవాడికి అర్థం ఉండదు. చౌదరి గారి కీర్తన ఈ ఇబ్బందిని ఒక్క దెబ్బతో తీర్చింది. దొరల మతం అనుకున్నది భజన వరసలో వీధిలోకి వచ్చింది.

అయితే సంగీతం మనదైనంత మాత్రాన అందరిదీ అవుతుందా? దీనికి పొరుగున ఉన్న తంజావూరు ఒక పాఠం చెబుతుంది. అక్కడి వేదనాయక శాస్త్రి (1774–1864) తమిళ క్రైస్తవ కీర్తనలకు గొప్ప పేరు. 1820లలో వచ్చిన కొత్త మిషనరీలు ఆరాధనలో తమిళ సంగీతాన్ని తగ్గించబోతే ఆయన గట్టిగా ఎదురు తిరిగారు. అదే నోటితో, చర్చిలో అన్ని కులాలవారినీ కలిపి కూర్చోబెట్టడాన్ని కూడా అన్యాయమన్నారు. 1829లో కులభేదాన్ని సమర్థిస్తూ ఏకంగా ఒక గ్రంథమే రాశారు. పాటకు తలుపు తీయమన్న ఆయనే మనిషికి తలుపు వేయమన్నారు. మిషనరీలు మనిషికి తలుపు తీసి పాటకు మూశారు. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోవడం చరిత్రలో అరుదు.

ఒంగోలు: బయటే ఉండిపోయిన డప్పు

జాన్ క్లాఫ్ 1866లో ఒంగోలు వచ్చారు. అదే ఏడాది యర్రగుంట్ల పేరయ్య, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. అంతకుముందే రాజయోగ గురువుల దగ్గర సాధన చేసిన మనిషి. వీళ్ళు రావడం మొదలుపెట్టగానే క్లాఫ్ బడిలోని అగ్రకులాల పిల్లలు, వారి పెద్దలు 'వాళ్ళను చేర్చుకుంటే మేం రాము' అన్నారు. క్లాఫ్ దంపతులు బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చదివి, పేదల వైపే నిలబడాలని నిర్ణయించుకున్నారు. బడి ఖాళీ అయింది.

1876–78 కరువులో క్లాఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. అమెరికాలో ఆయన సర్వేయరు పని నేర్చినవారు, ఆ చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. వెల్లంపల్లి సంఘటన ఆ తరువాతిది.

చేరేవారికి క్లాఫ్ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం మానాలి, విగ్రహారాధన మానాలి. మూడో నియమంలో డప్పు కూడా చిక్కుకుంది. ఊరి జాతరల్లో, గ్రామదేవతల కొలువుల్లో డప్పు కొట్టడం మాదిగల వంతు. అది ఇష్టపడి చేసే కళ కాదు, ఊరికి చేయవలసిన వెట్టి. కొట్టమని వీళ్ళు అన్నప్పుడు ఊరి పెద్దలకు కోపం వచ్చింది, పనులు ఇవ్వడం మానేశారు.

ఇక్కడే మనం తొందరపడకూడదు. 'మిషనరీలు మన కళను చంపారు' అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. కానీ ఆ రోజు డప్పు కింద పెట్టిన మనిషికి అది స్వేచ్ఛ! తన తాత బలవంతాన కొట్టినదాన్ని తాను కొట్టనని చెప్పగలగడం అతని జీవితంలో మొదటి 'కాదు'. ఇంకోవైపు, ఆ 'కాదు'తో పాటు ఒక జాతి తాళజ్ఞానం అంతా గుడి బయటే ఉండిపోయింది. కీర్తనల పుస్తకంలో కర్ణాటక రాగాలకు చోటు దొరికింది, ఇంగ్లీషు ట్యూన్లకు చోటు దొరికింది. సంఘంలో ఎక్కువమందిగా ఉన్నవారి దరువుకు మాత్రం దొరకలేదు.

ఆ డప్పు మళ్ళీ లేచింది. 1994లో అదే ప్రకాశం జిల్లాలో, ఈదుమూడి గ్రామంలో మొదలైన మాదిగ ఉద్యమం తన పేరే 'దండోరా' అని పెట్టుకుంది. వెట్టికి గుర్తయిన డప్పు ఆత్మగౌరవానికి గుర్తయింది. చర్చి వైపు నుంచి చూస్తే, వాషింగ్టన్‌లోని వెస్లీ థియొలాజికల్ సెమినరీలో బోధించిన సత్యనాథన్ క్లార్క్ 1998లో వచ్చిన తన పుస్తకంలో దళితుల డప్పును క్రీస్తుకే ప్రతీకగా చూపించారు. ఆరాధనలో డప్పు ఉండాలనే యువకులు ఒకవైపు, 'మేం వదిలించుకున్నదాన్ని మళ్ళీ మా మెడలో వేస్తారా?' అని అడిగే పెద్దలు మరోవైపు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

అమెరికాలో ఇదే కథ

ఈ దేశపు నల్లజాతివారి చరిత్ర చూస్తే ఈ చిక్కు మనకొక్కరిదే కాదని తెలుస్తుంది. 1739లో సౌత్ కరొలైనాలో స్టోనో తిరుగుబాటు జరిగాక, 1740 చట్టం బానిసలు డప్పులు వాడకుండా నిషేధించింది. ఉత్తరాన ఫిలడెల్ఫియాలో సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో నల్లవారిని ప్రార్థన మధ్యలో లేపి పక్కకు పొమ్మన్నారు. రిచర్డ్ ఆలెన్, ఆయన సహచరులు అక్కడి నుంచి నడిచి బయటికి వచ్చేశారు. బానిసగా పుట్టి తన విడుదలను తానే కొనుక్కున్న మనిషి ఆలెన్. 1801లో ఆయన తన సంఘం కోసం ఒక పాటల పుస్తకం అచ్చు వేశారు. వాట్స్ వంటి పేరున్న కవుల పాటలతో బాటు జనం నోళ్ళలో నలిగే పల్లవులకూ అందులో చోటిచ్చారు. ఆయన మొదటి బిషప్పుగా నడిపిన ఎ.ఎం.ఇ. సంఘం ఏర్పడింది 1816లో. అంటే సంఘం కన్నా పాటల పుస్తకమే ముందు!

1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయం విద్యార్థులు 'జూబిలీ సింగర్స్'గా బయలుదేరి బానిసల కాలపు పాటలను ప్రపంచానికి వినిపించారు. విశేషమేమంటే, ఆ పాటలను నలుగురిలో పాడడానికి ఆ విద్యార్థులే మొదట వెనుకాడారు. అవి బానిసత్వపు జ్ఞాపకాలు, తల్లిదండ్రుల కన్నీళ్ళు. ఒంగోలు పెద్దల సందేహమే ఇది. ఆ పాటలను ఎప్పుడు, ఎక్కడ, ఎలా పాడాలో చివరికి నిర్ణయించుకుంది ఆ పాటల సొంతదారులే. తెల్లవారి ప్రధాన సంఘాలు తమ పుస్తకాల్లో వాటికి తగినంత చోటివ్వడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1989లో వచ్చిన యునైటెడ్ మెథడిస్ట్ హిమ్నల్‌లో ఈ స్పిరిచ్యువల్స్‌తో బాటు మన దేశపు హిందీ పాట 'జయ హో' కూడా చేరింది.

మాటల మీద తగువు

గడిచిన నలభై యాభై ఏళ్ళుగా ఇక్కడ చర్చ పదాల మీదకు మళ్ళింది. మనిషి అనడానికి 'మ్యాన్', సంఘం అనడానికి 'బ్రదర్స్' అంటే ఆడవాళ్ళు ఎక్కడ? చీకటి అంటే పాపం, తెలుపు అంటే పుణ్యం అని పాడుతుంటే నల్లవారు ఏమనుకోవాలి? 1995లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ తెచ్చిన న్యూ సెంచరీ హిమ్నల్ పాత పాటలనూ ఈ దృష్టితో తిరగరాసింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు 'మా అమ్మమ్మ పాడిన మాటలు ఏవి?' అని బాధపడ్డారు. 2013లో ప్రెస్బిటేరియన్లు కొత్త పుస్తకం తెస్తూ 'ఇన్ క్రైస్ట్ అలోన్' పాటలో దేవుని కోపం గురించిన మాట మార్చమన్నారు. రచయితలు ఒప్పుకోకపోవడంతో ఆ పాటనే వదిలేశారు. ఇక మార్టీ హాగన్ 1994లో రాసిన 'ఆల్ ఆర్ వెల్కమ్' పేరులోనే అందరికీ ఆహ్వానం ఉంది. 2024 అక్టోబరులో మిస్సోరి రాష్ట్రపు జెఫర్సన్ సిటీ కాథలిక్ డయోసిస్ పాడకూడని పాటల జాబితాలో దాన్ని చేర్చింది. గొడవ కావడంతో కొద్దిరోజులకే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. ఆరాధన దేవుని గురించా, మన గురించా అన్నది అక్కడి అసలు వాదన. అది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు.

ఈ విషయంలో మన భాషకు ఒక సౌలభ్యం ఉంది. తెలుగు క్రియల్లో 'నేను', 'నీవు' అన్నప్పుడు ఆడ, మగ తేడా లేదు. మన కీర్తనల్లో చాలావాటిలో భక్తుడు దేవుణ్ణి ఎదురుగా పెట్టుకుని 'నీవు' అని పిలుస్తాడు. అన్నమయ్య, రామదాసు పిలిచినట్టే. ఆ పాటను ఎవరు పాడినా అది వారిదే అవుతుంది. చిక్కు మూడో మనిషి దగ్గర, 'సోదరులారా' దగ్గర వస్తుంది. కుంటి, గుడ్డి, మూగ అనే మాటలు మనం ఆలోచించకుండానే వాడేస్తాం. ఇక్కడి మెథడిస్టులు 1989లో ఛార్లెస్ వెస్లీ పాటలో అలాంటి మాటలున్న చరణానికి నక్షత్రం గుర్తు పెట్టి, కావాలంటే వదిలేయవచ్చన్నారు. తీసేయకుండానే ఎదుటివాడి నొప్పిని గుర్తించడం అంటే ఇది. మనవాళ్ళూ వెనుకబడి లేరు. 2013లో సి.ఎస్.ఐ.లో మొట్టమొదటి మహిళా బిషప్పుగా అభిషేకం పొందిన ఎగ్గోని పుష్పలలిత గారిది మన నంద్యాల డయోసిసే.

మన ముందున్న పని

అమెరికాలోని తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఇప్పుడు ప్రశ్న మరో రూపంలో వచ్చింది. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు లిపి రాదు, కీర్తనల్లోని గ్రాంథికం అసలే అందదు. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడతారు. తెలుగు రాని కోడళ్ళు, అల్లుళ్ళు కూడా పక్కనే ఉంటారు. వారి కోసం అన్నీ ఇంగ్లీషు చేస్తే వెనక వరసలో కూర్చున్న అమ్మమ్మ బయటిదవుతుంది. అన్నీ పాతవే పాడితే మనవరాలు బయటిదవుతుంది. ఆలెన్ చూపిన దారి ఇక్కడ పనికొస్తుంది. ఎవరి కోసం పుస్తకమో వారే కూర్చుని పాటలు ఎంచాలి. అమ్మమ్మ చేత అర్థం చెప్పించి, మనవరాలి చేత రాయించాలి.

క్రైస్తవులు కాని మనలాంటి మిగతావారికీ ఇందులో పని ఉంది. మన మహాసభల వేదిక కూడా ఒక పాటల పుస్తకమే. అందులో త్యాగయ్య, అన్నమయ్య ఎప్పుడూ ఉంటారు, ఉండాలి. ఈ మధ్య జానపదానికీ చోటు దొరికింది. తెలుగులో రాగతాళాలు కట్టి రాసిన పురుషోత్తమ చౌదరి కీర్తన ఒక్కటైనా అక్కడ వినిపిస్తే తప్పేమిటి? అది తెలుగు సాహిత్యం కాదా? ఇళ్ళలో పెద్దవాళ్ళు కంఠతా పాడే వరసలను రికార్డు చేయడం కూడా మనం వెంటనే చేయగల పనే. పుస్తకంలో రాగం పేరు ఉంటుంది గాని, ఏ పల్లెలో ఎలా పాడారో ఉండదు. ఆ తరం వెళ్ళిపోతే ఆ వరసలూ పోతాయి.

నెల్లూరు కోసం పద్యం రాసిన స్మిత్ గారి 'అమెరికా' పాటకు తరువాత ఏమైందో చెప్పి ముగిస్తాను. 1939లో మరియన్ ఆండర్సన్ అనే గొప్ప గాయనికి, నల్లజాతి స్త్రీ అన్న కారణంతో వాషింగ్టన్‌లో హాలు ఇవ్వలేదు. ఏప్రిల్ 9న ఆమె లింకన్ మెమోరియల్ మెట్ల మీద నిలబడి 75,000 మంది ముందు ఆ పాటతోనే కచేరీ మొదలుపెట్టారు. 1963లో అదే మెట్ల మీద మార్టిన్ లూథర్ కింగ్ ఆ పాట మాటలనే తన ప్రసంగంలో పలికారు. పాడిన గొంతు మారింది. దాంతో ఆ పాట అర్థం నిజంగా పెద్దదయింది.