దత్తమండలాల పైకం లెక్క

1800 అక్టోబరులో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాక, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టాడు. ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని సీమ అది. చెరువు కింది మాగాణి కొంచెం, మెట్ట ఎక్కువ. రాజుగారి పాలు ధాన్యంగా కొలిస్తే కరువును రైతూ రాజూ కలిసి మోసేవారు. ఒక్కొక్క రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే మన్రో రైతువారీ పద్ధతిలో అది పైకం రూపంలో ఖాయమైంది. దాంతో కరువు భారం చాలావరకు రైతు మీదే పడింది.

ఊళ్లో కరణం, తాలూకా కచేరీ, కలెక్టరు హుజూరు కచేరీ అంతా ఒకే వరుసలో లెక్క రాసేవారు: జమ, వసూలు, బాకీ. ఏటా శిస్తు తేల్చే జమాబందిలో తేలిన జమ కాగితం మీది హక్కు మాత్రమే. కంపెనీ ఖర్చుకు పనికొచ్చేది వసూలు. ఆ వసూలు కూడా చేతిలో పడగానే పైకం అయ్యేది కాదు. చలామణిలో రకరకాల వరహాలు ఉండేవి. షరాబు ఒక్కొక్క నాణాన్ని తూచి, గీటురాయి మీద గీసి, తరుగు కనిపిస్తే వట్టం పట్టేవాడు, అంటే విలువలో కోత వేసేవాడు. మద్రాసు లెక్కలో వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. 1818లో రూపాయి ప్రమాణ నాణెం అయ్యాక గాని ఈ చిక్కు సడలలేదు.

రైతు పాతరలోని జొన్నలు ఆస్తే, కాని కిస్తీకి చెల్లవు. అందరూ ఒకేసారి అమ్మకానికి తెస్తే ధర పడిపోతుంది, లేదంటే షావుకారు దగ్గర అప్పు చేయాలి. నేటి కంపెనీల లెక్కల ప్రమాణాలు కూడా ఇక్కడే గీత గీస్తాయి. ఎంత సొమ్ము వస్తుందో ముందే తెలిసి, విలువ పడిపోయే భయం లేక, సాధారణంగా కొన్న నాటి నుంచి మూడు నెలల లోపు గడువు తీరే పెట్టుబడినే నగదుతో సమానంగా చూపాలి. గోదాములోని సరుకుకు ఆ వరుసలో చోటు లేదు.

ఏడేళ్లలో దత్తమండలాల రాబడి సుమారు 10 లక్షల వరహాల నుంచి 15 లక్షలకు పెరిగింది. కంపెనీకి అది ఘనవిజయం. కాని ఆ రాబడి తెచ్చిన శిస్తు రేట్లు రైతుకు మోయరానివని గుర్తించినవాడూ మన్రోయే, అది అతని నిజాయితీ. సర్వే రేట్లలో 25 శాతం తగ్గించాలని 1807లో రాశాడు. ప్రభుత్వం వినలేదు. రైతువారీని పక్కనపెట్టి ఊళ్లను మూడేళ్ల గుత్తకు, ఆ తర్వాత పదేళ్ల గుత్తకు ఇచ్చింది. గుత్తదారులు చాలామంది దివాలా తీశారు, బాకీలు పేరుకుపోయాయి. 1820లో మన్రో మద్రాసు గవర్నరయ్యాకే రైతువారీ తిరిగి నిలదొక్కుకుంది, అడిగిన తగ్గింపూ దక్కింది.