కంచెలోని నార, గోడమీది గురి

నెల్లూరు నుండి తూర్పుముఖముగా మైపాడు దారిని పోవువారికి, వరిమళ్లు క్రమముగా సన్నగిల్లి, నేల తెల్లబడి, సరుగుడు తోపుల హోరును సముద్రపు హోరును ఒకదానితో నొకటి కలిసిపోయి ఏది ఏదియో తెలియరాని చోట, ఇసుకదిబ్బల అంచున దళసరి మట్టలను కత్తులవలె నలుదిక్కులకు చాచుకొని కూర్చున్న యొక మొక్క కంటబడును. జనులు దానిని రాకాసిమట్ట యందురు; దానినుండి తీసిన నారకు కిత్తనార యని పేరు. మేక దానిని ముట్టదు, ఎండ దానిని మాడ్పదు, నీరు పోసి పెంచుమని అది యెవ్వరిని అడుగదు. కంచెకు ఇంతకంటె చవుకైన కావలివాడు దొరకడు. ఆంగ్లేయుల పానశాలలలో పెరిగి, నేడు మన యిండ్ల గోడలకు సైతము ఎక్కిన డార్ట్ బోర్డు అను గురిచక్రము ఈ మొక్కకు దాయాదియగు మరియొక మొక్క నారతోనే చేయబడుచున్నదని నాకు తెలిసి ఎంతోకాలము కాలేదు.

ఈ తెలివిడికి కారణము మా మేనల్లుడు. సముద్రమునకు కూతవేటు దూరమున ఇల్లు కట్టుకొన్న ఆతడు, సెలవులలో పిల్లలు సెల్‌ఫోనునుండి కన్నెత్తుట లేదని విసిగి, "మామా, ఇంట్లో ఆడుకునేదానికి ఏ బోర్డు మంచిదో నువ్వే చెప్పు" అని నన్నడిగెను. తెలియని విషయమున సలహా చెప్పుటకు వెనుదీయని వయస్సు నాది. రంగు బాగున్నది, వెల తక్కువగా నున్నది అను రెండు గుణములను మాత్రమే చూచి, ఒక అంగడిలో ఒకదానిని కొనిపించి, గాలివెలుతురులు ధారాళముగా నుండునని దానిని వెలుపలి వసారా గోడకే వ్రేలాడదీయించితిని. నెల్లూరు సీమకు పెద్దవానలు ఆషాఢ శ్రావణములలో గాక, ఈశాన్యపు గాలితో ఆశ్వయుజ కార్తీకములలో వచ్చునని పుట్టినది మొదలు ఎరిగియున్న నేను, ఆ గోడ యే దిక్కునకు ముఖము పెట్టియున్నదో చూడనైతిని. వాయుగుండము పట్టిన మూడవనాటికి బోర్డు పూరీవలె పొంగెను. దించి చూడగా, అంచు విడిపోయి, లోపల గట్టిగా చుట్టలు చుట్టిన కాగితపు పట్టీ బయటపడినది. అంకెల తీగ తుప్పుపట్టి గోడమీద ఎఱ్ఱని చారలు దించినది. పిల్లలు నవ్విరి. మేనల్లుడు నవ్వలేదు. ఆ సిగ్గు తీర్చుకొనుటకై నేను ఈ వస్తువు పూర్వాపరములను విచారింప మొదలిడితిని.

విచారింపగా తేలినదేమనగా, డార్ట్ బోర్డు చరిత్ర యంతయు తడితో దానికి గల మైత్రీవైరముల చరిత్రయే. మొదట ఇంగ్లండులో ఈ బోర్డులను ఎల్మ్ అను చెట్టు మాను నడ్డముగా కోసిన చక్రములతో చేయుచుండిరి. ఎల్మ్ తడికి చెడని కఱ్ఱ. వెనుకటి కాలమున వారు దానిని నేలలో పాతు నీటిగొట్టములకును, ఓడల అడుగుదూలములకును, బండిచక్రపు కుండలకును వాడెడివారు. ఇట్లు అడ్డకోత కోయుటలో ఒక మర్మము కలదు. మన మాంసపు అంగడిలోని చింతమొద్దును చూచినవారికి అది వెంటనే బోధపడును: పలకమీద కొట్టిన కత్తి పలకను చీల్చును, మొద్దు తలమీద కొట్టిన కత్తి నిలువుగా నిలిచిన పోగుల నడుమ దిగును, తీసిన పిమ్మట ఆ పోగులు మరల దగ్గరపడును. ఎల్మ్ చక్రముపై విసరిన బాణమునకును ఇదియే న్యాయము. అయితే కఱ్ఱ ఎండినచో పోగులు బిగిసి బీటలు వారును, బాణము చేసిన రంధ్రము రంధ్రముగానే మిగిలిపోవును. అందుచేత పానశాల యజమానులు ఆట ముగిసిన తరువాత బోర్డును దించి రాత్రియంతయు నీటిలో నానవేయుచుండిరి. తెల్లవారునప్పటికి కఱ్ఱ ఉబ్బి గంట్లు పూడియుండెడివి. ప్రతిరాత్రియు స్నానము కోరు ఆ బోర్డు మా మేనల్లుని వసారాలో నుండినచో వాయుగుండమునకు ఆనందించియుండును!

బోర్డు మీది అంకెల వరుస మరియొక ముచ్చట. 1896లో లంకాషైర్ వడ్రంగి యగు బ్రయన్ గామ్లిన్ దానిని కల్పించెనని చెప్పుకొందురు గాని, ఆ మాటకు గట్టి ఆధారము లేదు. కర్త యెవడైనను మనుష్యస్వభావము నెరిగిన గడుసువాడు. 1 మొదలు 20 వరకు గల అంకెలలో పెద్దదైన 20ని నడినెత్తిన పెట్టి, దానికి ఇరువైపుల 1ని, 5ను కాపలా నిలిపినాడు; 19కి ఒకవైపు 3, వేరొకవైపు 7. పెద్దదానికి ఆశపడి విసరినవాని చేయి వెండ్రుకవాసి తొలగినచో, దక్కునది పరమ స్వల్పము. నిలుచు దూరము సంగతి మాత్రము చాలకాలము ఎవరికి తోచినట్లు వారిదిగా నుండెను. 7½ అడుగులని కొందరు, 8 అడుగులని కొందరు, ఇంకను ఎక్కువని మరికొందరు పంతము పట్టిరి. 1976లో ప్రపంచ డార్ట్సు సమాఖ్య పుట్టిన పిదపనే 7 అడుగుల 9¼ అంగుళములు, అనగా 2.37 మీటర్లు, స్థిరమైనది. చక్రపు నడిబొట్టు నేలనుండి 5 అడుగుల 8 అంగుళముల ఎత్తున నుండవలెను.

ఎల్మ్ బోర్డు వాడుకనుండి తొలగుటకు కారణభూతుడు ఆటగాడు కాడు, టెడ్ లెగ్గట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు. పిల్లలు బొమ్మలు చేసికొను వాసనలేని మట్టినొకదానిని ఆతడు తయారుచేసి, వాసన లేదను అర్థము వచ్చునట్లు నోడార్ అని పేరిడి, 1919 ప్రాంతమున సంస్థ నెలకొల్పెను. ఆ మట్టితోనే డార్ట్ బోర్డులను కూడ చేసి చూచెను. బాణము దిగుటకు బాగే గాని, మట్టిలో దిగిన బాణమునకు చప్పుడు లేదు. చప్పుడు లేని గెలుపు పానశాల జనులకు రుచింపలేదు. మట్టి ఓడిన తరువాత, 1930 దశకపు ఆరంభమున, ఫ్రాంక్ డాబ్స్ అను సహచరుడు మరియొక ఉపాయము తెచ్చెను: త్రాళ్లు పేనెడి నారను చిన్నచిన్న తుండ్లుగా కోసి, ఆ తుండ్లను నిలువుగా, కొసలు మీదికి వచ్చునట్లు కూర్చి, యంత్రముతో అదిమి, చుట్టును ఉక్కుపట్టీ బిగించినచో ఎట్లుండును? బాణము పోగును చీల్పక, పోగుల నడుమ త్రోవ చేసికొనిపోవును. తీయగానే పోగులు వాటంతటవే మూసికొనును. ఎల్మ్ మొద్దులో ప్రకృతి చేసిన పనినే మనుష్యుడు నారతో మరల చేసినాడు. నీటిలో నానవేయు బాధ మాత్రము తప్పించినాడు. దీనికి బిరుసువెండ్రుక యను అర్థము గల బ్రిసిల్ మాటతో బ్రిసిల్ బోర్డు అను పేరు వచ్చుటచేత, ఇందులో నున్నవి పందివెండ్రుకలో గుఱ్ఱపువెండ్రుకలో యని ఇప్పటికిని నమ్మువారున్నారు. మడికట్టుకొను ఇల్లాండ్రు నిశ్చింతగా నుండవచ్చును: అది అచ్చముగా మొక్కనార.

ఆ మొక్క పేరు సిసల్. మెక్సికో దేశపు యుకటాన్ తీరమున, ఆ నార ఓడలకెక్కిన రేవు పేరే దానికి పేరైనది. 1893లో రిచర్డ్ హిండార్ఫ్ అను జర్మను వ్యవసాయశాస్త్రవేత్త ఫ్లోరిడానుండి 1000 పిలకలను తూర్పు ఆఫ్రికాకు తెప్పింపగా, సముద్రయానమున చచ్చినవి చావగా, ప్రాణముతో తాంగా రేవు చేరినవి 62. ఆ 62 పిలకల సంతానమే అచ్చటి తోటలకు మూలము. అచ్చటినుండి పొరుగుననున్న కెన్యాకును ఆ పంట వ్యాపించెను. పేరుపొందిన డార్ట్ బోర్డులు కొన్ని నేటికిని ఆ కెన్యాలోనే తయారగుచున్నవి.

మన తీరమునకు విదేశీయులు రానివారు కారు. ప్రళయకావేరి యని మనవారు పిలుచుకొను పులికాటు ఒడ్డున డచ్చివారు 1613లో కోట కట్టిరి. 1626లో ఆంగ్ల కంపెనీవారు దుగరాజపట్నమున దిగి, ఆర్మగాం అని దానికొక వింతపేరు పెట్టి, బట్టల వ్యాపారము సాగక 1640 నాటికి చెన్నపట్నమునకు తరలిపోయిరి. వారితోపాటు ఈ ఆట రాలేదు; ఇప్పటి అంకెల చక్రము ఆనాటికి పుట్టనేలేదు. వచ్చినది మొక్క. అమెరికా ఖండపు ఈ మట్టలజాతి ఎప్పుడో ఓడలపై వచ్చి, మన ఇసుకనేల తన పుట్టినింటివలెనే యుండుట చూచి స్థిరపడిపోయెను. ధాతునామ సంవత్సరపు కరువున కూలిజనము త్రవ్విన బకింగుహాం కాలువగట్లకు చేరువనున్న పల్లెలలో తోటకు హద్దు వేయవలసినప్పుడెల్ల పిలక నాటుట తప్ప వేరు ఖర్చు లేకపోయెను. రైలుదారుల వెంబడి సైతము ఈ మట్టలనే కంచెగా నాటు వాడుక దేశమంతట నుండెను. 1899లో బెజవాడకును మదరాసునకును నడుమ రైలు నేరుగా నడచుట మొదలైన పిదప, దొరలు బండి కిటికీనుండి ఎన్నిమార్లు ఈ జాతి కంచెలను చూచిరో గాని, అది యొకనాడు తమ పానశాల గోడలకు ఎక్కునని ఊహించియుండరు.

నార తీయుట నేను కన్నులార చూచితిని. మేనల్లుని ఇంటి ప్రక్క తోటలో కాపున్న ముసలాయన మా వినోదము కొరకు ఒక మట్టను కొడవలితో మొదట కోసి, ముండ్లను చెక్కి, బండమీద పెట్టి కఱ్ఱతో మోదెను. పచ్చని నురుగు చిమ్మినది. "దగ్గరికి రావద్దు నాయనా, జిల పుడతాది" అని ఆయన హెచ్చరించుచుండగనే నా ముంజేతిపై ఒక చుక్క పడి గంటసేపు గోకుకొనునట్లు చేసెను. నలిగిన మట్టను మోకాలిక్రింద నొక్కిపట్టి, మొద్దుగా నున్న చెక్కబద్దతో గీరగా గీరగా, గుజ్జంతయు తొలగి, తెల్లని పొడవైన పోగులు పట్టెడు మిగిలెను. అంత పెద్ద మట్టకు ఇంతేనా యని నేననగా ఆయన నవ్వెను. ఆయన యెరిగిన దానినే శాస్త్రజ్ఞులును చెప్పుదురు: సిసల్ మట్ట బరువులో నార నూటికి 4 వంతులే, తక్కినదంతయు నీరును గుజ్జును. ఆ పట్టెడు పోగులతో ఆయన క్షణములో ఒక పలుపు పేని దూడకు కట్టెను. నేనాతనికి డార్ట్ బోర్డు సంగతి చెప్పితిని. దూడను కట్టవలసిన నారను కోసి గోడకు తగిలించుట ఆయనకు అంతగా నచ్చినట్లు తోపలేదు.

ఇంటిలో ఆడు ఆటకు బల్ల నెన్నుకొనుట మనకు క్రొత్త విద్య యేమియు కాదు. వామనగుంటల పీటను తీసికొనునప్పుడు మన ముత్తవ్వలు పదునాలుగు గుంటలును సమముగా తొలచినారా, చింతపిక్కలను వ్రేళ్లతో దేవునప్పుడు పేడు గ్రుచ్చుకొనదు గదా, అని తడవి చూచి మరి కొనుచుండిరి. పులిజూదమునకు ఆ శ్రమయు లేదు; గుడిమండపపు రాతిమీద ఎవరో పూర్వము గీసిన గీతలు తరతరములకు చాలినవి. అవియన్నియు నేలమీది ఆటలు, కూర్చుండి ఆడునవి. ఇది గోడమీది ఆట, నిలుచుండి ఆడునది. అందువలన బోర్డుకంటె ముందు చూడవలసినది గోడ. సముద్రపు గాలి సూటిగా తగులు వసారా దీనికి తగదు. ఇంటి నడిమి గదిలో, 2.37 మీటర్ల దూరమునకు పైన మనిషి నిలుచుటకు మరికొంత చోటున్న గోడను, ఆ గోడకు ప్రక్కగా తలుపు లేని దానిని ఏరుకొనవలెను. సిసల్ బోర్డు సుమారు 5 కిలోల బరువుండును గనుక సున్నపు పూతలో దిగిన చిన్నమేకు దానిని మోయదు.

కొనునప్పుడు చూడవలసినవి కొన్ని కలవు. అడ్డముకొలత 451 మిల్లీమీటర్లు, మందము 38 మిల్లీమీటర్లు ఉన్నదా యని చూడుడు. సన్ననిదైనచో అది కాగితమో, బెరడో అయియుండును. వ్రేలితో నొక్కినప్పుడు నార బిగువుగా నుండి, కొసలు విడిపోకుండవలెను. గడులను విడదీయు తీగ సన్నగా, నారలోనికి దిగియుండవలెను. పాతకాలపు గుండ్రని తీగను కొక్కెములతో కొట్టిన బోర్డులో బాణము కొక్కెమునకు తగిలి వెనుకకు ఎగురును, పిల్లలున్న ఇంట అది క్షేమము కాదు. అంకెల కడియము ఊడదీయుటకు వీలైనదిగా నుండుట ముఖ్యము, ఏలయనగా అందరును 20నే కొట్టుదురు గనుక అచ్చటి నార ముందు అలసిపోవును; నెలకొకసారి చక్రమును కొంత త్రిప్పి, అంకెలను మాత్రము మరల యథాస్థానమున నిలిపినచో అరుగుదల అన్ని గడులకు పంచబడును. ఆరేడేండ్ల పసివారికి మొనలేని అయస్కాంతపు బాణముల బోర్డు చాలును. కరెంటుతో లెక్క తానే చెప్పు ప్లాస్టిక్ బోర్డులు కలవు గాని, వానిపై నాకు మోజు లేదు. కూడికలు తీసివేతలు పిల్లలు నోట చెప్పుకొనుటలోనే ఈ ఆటకు సగము ఫలము.

మా మేనల్లుడు రెండవమారు సిసల్ బోర్డునే కొని, నడిమి గదిలో తగిలించినాడు. ఎల్మ్ కథ విన్న పెద్దపిల్లవాడు దానిని కూడ ఒక రాత్రి తొట్టిలో నానవేయబోగా సమయమునకు వారింపగలిగితిమి. తడిసిన సిసల్ నార ఉబ్బి, మరల తన తొంటి రూపునకు రాదు. తీరమున నివసించు పాఠకులకు నా మనవి ఇంతే: కార్తీకపు ముసురు పట్టగనే బోర్డును గోడనుండి దించి, పొడిగుడ్డ చుట్టి, బియ్యపు బస్తాల ప్రక్కన ఎత్తుగా పెట్టుడు, వాన వెలిసిన నాలుగు నాళ్లకు మరల తగిలించుకొనుడు.