ఇంటి కోడి, పచ్చాకు

ఇంకో కందికట్టె మంట్లెయ్యి బిడ్డా, చెప్త. ఇంటి కోడి గుడ్డు సొన అంత ఎర్రగ, దుకాణం గుడ్డు సొన వెలిసిపోయినట్టు ఎందుకుంటదని అడిగినవు గదా.

మా చిన్నప్పుడు కోళ్లకు పొద్దుగాల గంప లేపి గుప్పెడు నూకలు చల్లుడే. సందెకు తవుడు ముద్ద ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. మిగిలిన తిండి అవే ఎతుక్కునేటివి. పెంటకుప్ప గెలికి పురుగులు, చెదలు ఏరుకునేటివి. వానకాలమొస్తే దొడ్డెనక గంగవాయిలి కూర, గరక కొసలు, లేత తోటకూర ఏదీ మిగిలేది కాదు. కోళ్లకు భయపడే మా అమ్మ పుంటికూర మడి చుట్టు ముళ్లకంప పెట్టేది. అప్పుడు గుడ్డు కొడితే సొన నారింజ రంగుల ఉండేది. ఎండకాలం గడ్డి మాడంగనే అదే కోడి గుడ్డుల సొన పాలిపోయేది.

ఎందుకో తర్వాత పశువుల డాక్టర్ చెప్పిండు. ఆకులల్ల ల్యూటిన్ అని ఒక పసుపు ఉంటదట. కోడి ఒంట్ల అది పుట్టదు, తిన్నదే సొనలకు దిగుతది. నూకలల్ల, తెల్లజొన్నలల్ల అది ఉండదు. పసుపు మక్కజొన్నల కొంత ఉంటది, బంతిపూలల్ల మస్తుగుంటది. దాణాల బంతిపూల పొడి కలిపినా సొన ఎర్రగైతది. అందుకే ఒట్టి రంగు చూసి గుడ్డును మెచ్చుకోవద్దు. కోడి ఏం తిన్నదో అడగాలె.

తర్వాత ఊర్లకు తెల్ల సీమకోళ్లు వచ్చినయ్. మన నాటుకోడి ఏడాదికి అరవై, డెబ్భై గుడ్లు పెడితే ఎక్కువ, అవి మూడొందల దాక పెడతయ్. మా అత్తమ్మ కొన్ని తెచ్చి జాలీ కట్టిన కొట్టంల సాకింది. దాణా కడుపునిండ పెట్టినా అవి ఒకదాని ఈకలు ఒకటి పీక్కునేటివి, తోక కాడ రక్తం కారేది. నాకైతే చూడబుద్ధి కాకపోయేది. అత్తమ్మ తోటకూర కట్టగట్టి, మెడ చాపితే అందేటంత ఎత్తుల దూలానికి ఏలాడదీసింది. ఇగ చూడు, పొద్దంత ఆ కట్ట చుట్టే ఎగిరి ఎగిరి పొడుసుడు! ఈకలు పీకుడు చానా తగ్గింది. బయట తిరిగే కోడికి దినమంతా ముక్కుకు పని ఉంటది. లోపలేసి మూసినంక ఆ పని మనమే తెచ్చియ్యాలె. ఆకు ఒట్టి తిండే కాదు బిడ్డా, దానికి ఆట గూడ.

అట్లని దాణా తగ్గించి ఆకుతోనే కడుపు నింపుతనంటే గుడ్లు ఆగిపోతయ్. పచ్చాకుల ఉండేది ఎక్కువ నీళ్లే. గుడ్లు పెట్టే సీమకోడికి దినానికి నూట పది గ్రాముల దాణా పడాలె. అది తిన్నంక, పగటీలి ఆకెయ్యాలె. ముదురు గడ్డి పొడుగ్గ ఎయ్యొద్దు, గొంతు కింది తిత్తిల ఉండకట్టి కోడి సచ్చిపోతది. సన్నగ తరిగెయ్యి. కొట్టంల ఉన్నదానికి కొంచెం గరుకు ఇసుక గూడ పెట్టు, కందనకాయల ఆకు నలగాలె గదా. సుబాబుల్ ఆకు ఎక్కువైతే చేటు. మందు కొట్టిన పత్తిచేను గట్టు మీది ఆకు అసలే ముట్టొద్దు. పెంకు గట్టిపడాలంటే ఆకు చాలదు, నత్తగుల్లల పొడి కావాలె.

నువ్వు తెచ్చిన గ్రామప్రియ కోళ్లు రాజేంద్రనగర్ల తీసిన రకం, పెరట్ల తిరిగేటందుకే చేసిన్రు. వానకాలం వాటికి రంది లేదు, తిరిగి తింటయ్. ఎండకాలానికే ఇప్పటిసంది చూసుకోవాలె. బోరింగు కాడ నీళ్లు పారే జాగల తోటకూర ఇత్తులు చల్లు. తొట్టిల అజొల్లా పెంచితే మంచిగ కడిగి పెట్టు, వాసన పోవాలె. మునగాకు దూసి ఆరబెట్టి దాణాల కలుపుకో. నీడకే ఆరెయ్యి, ఎండల పెడితే ఆకు తెల్లవడి ఆ పసుపే పోతది.