డాక్టరుకూ పల్లెకూ నడుమ నడిచినవాళ్ళు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో ఒక డాక్టరును మెచ్చుకోవాలంటే ఆయన పేరు వెనక ఉన్న డిగ్రీల జోలికి ఎవరూ పోరు. "ఆయప్ప హస్తవాసి మంచిది" అంటారు, అంతే. ఆ ఒక్క మాటలో పెద్ద లెక్కే ఉంది. మా అత్తకు కాన్పు కష్టమైతే ఎవరు చూశారు, చిన్నోడి జ్వరం ఎవరి మందుకు దిగింది, నాయనకు ఏ మాత్ర పడదని ఎవరికి తెలుసు? ఇంటిల్లిపాదినీ ఏళ్ళ తరబడి చూసిన డాక్టరుకే ఈ లెక్క తెలుస్తుంది. ఫ్యామిలీ డాక్టరు అనే పేరు మనకు కొత్త గానీ, ఆ కోరిక పాతదే.

ఆ కోరిక ఎవరి కాళ్ళ మీద నడిచి వచ్చిందో చెప్పడానికి ఇది తగిన సమయం. పులివెందులలో 1973లో వెలిసిన రాజారెడ్డి ఆసుపత్రికి యాభై ఏళ్ళు దాటాయి. అయితే ఆ కథ పులివెందులలో మొదలుకాలేదు. పెన్న ఒడ్డున, జమ్మలమడుగులో మొదలైంది.

పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో లండన్ మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంప్‌బెల్ జమ్మలమడుగులో ఆసుపత్రి పెట్టారు. ఆయన తర్వాత చిక్కబళ్ళాపురానికి వెళ్ళిపోయారు. పురుగులు సేకరించే అలవాటుండటం వల్ల ప్రకృతి శాస్త్రజ్ఞులకూ ఆయన పేరు తెలుసు. జమ్మలమడుగులో మాత్రం ఆ పేరు ఆసుపత్రి గోడ మీదే నిలిచింది. జనం నోట అది 'మిషన్ ఆసుపత్రి'. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక అది సి.ఎస్.ఐ. క్యాంప్‌బెల్ ఆసుపత్రి అయింది.

ఆ రోజుల్లో రోగి ఆసుపత్రికి చేరడం ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోవాలి. జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి నేలలు. వాన పడితే బండి చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. పెన్న పారితే అవతలి గట్టు వాళ్ళు అవతలే. బండిలో రోగితో పాటు బియ్యం మూట, చట్టీ, కట్టెలు, తోడుగా ముగ్గురు నలుగురు వచ్చేవాళ్ళు. రోగి లోపల, వంట బయట చెట్టు కింద. ఆ బండి కట్టించడమే అసలు కష్టం. కాన్పుకు ఆసుపత్రికి పోతే ఇంటి పరువు పోతుందనుకునే రోజుల్లో, 'అక్కడ ఆడవాళ్ళను ఆడవాళ్ళే చూసుకుంటారు, భయం లేదు' అని ఇంటి ముందు నిలబడి చెప్పేవాళ్ళు ఒకరు కావాలి. ఆ పని చేసింది దొరలు కాదు. పల్లెల్లో బడి చెప్పే పంతుళ్ళు, ఇంటింటికీ తిరిగే బైబిల్ స్త్రీలు, నర్సింగు నేర్చుకున్న ఇక్కడి ఆడపిల్లలు. వీళ్ళలో ఎక్కువమంది ఊరు అవతల ఉంచిన కులాల నుంచి వచ్చినవాళ్ళు. తమను గడప తొక్కనివ్వని ఇళ్ళకు కూడా కబురు మోసిన వీళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా కనబడవు. ఈ ప్రాంత వైద్య చరిత్ర రాసేవాళ్ళు మొదటి పుటలో నిలపాల్సింది వీళ్ళనే.

1949 జులై 8న ఆ ఆసుపత్రిలో పుట్టిన పిల్లవాడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి. గుల్బర్గాలో ఎం.బి.బి.ఎస్. చదివి, తిరుపతిలో హౌస్ సర్జన్ చేసి, తాను పుట్టిన జమ్మలమడుగు ఆసుపత్రికే మెడికల్ ఆఫీసరుగా వచ్చారు. తర్వాత 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట డెబ్బై పడకల ధర్మాసుపత్రి కట్టారు. రూపాయి తీసుకుని చూసేవాడని 'రూపాయి డాక్టరు' అన్న పేరు నిలిచింది. 1978లో శాసనసభకు వెళ్ళారు. ఆయన రాజకీయాల గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది. డాక్టరుగా ఆయన దగ్గరికి పోయివచ్చిన ముసలివాళ్ళు చెప్పేది వేరు: పేరు పెట్టి పిలిచేవాడని. పులివెందులలోనే పిల్లల డాక్టరు ఇ.సి. గంగిరెడ్డి కూడా చాలా తక్కువ ఫీజుతో దశాబ్దాల పాటు వైద్యం చేసి, 2020లో కన్నుమూశారు. అదే ఏడాది కడపలో యువ వైద్యురాలు నూరి పర్వీన్ పది రూపాయల ఫీజుతో క్లినిక్ తెరిస్తే దేశమంతా పత్రికల్లో వచ్చింది. మన కడప జిల్లాకు అది పూర్తిగా కొత్త సంగతేమీ కాదు.

అయితే ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. రూపాయి డాక్టరు, పది రూపాయల డాక్టరు ఉన్నది పట్నాల్లోనే. పల్లె నుంచి పట్నానికి బస్సు చార్జీ, పోగొట్టుకున్న కూలి, తోడు వచ్చినవాళ్ళ టిఫిను ఖర్చు కలిపితే డాక్టరు ఫీజు అందులో చిల్లర కిందే లెక్క. అందుకే పల్లెలో మొదటి డాక్టరు ఎప్పుడూ డిగ్రీ లేని ఆరెంపీనే. రాత్రి పదకొండుకు తలుపు తడితే లేచేది ఆయనే, అప్పు రాసుకుని సూది వేసేది ఆయనే. తెలియని మందు వాడి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆ తప్పును తప్పనే అనాలి. కానీ అర్హత ఉన్న డాక్టరు ఆ రాత్రి ఎక్కడున్నాడో కూడా అడగాలి.

దీనికి జవాబు స్వాతంత్ర్యానికి ముందే కాగితం మీదికి వచ్చింది. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన వేసిన కమిటీ 1946లో, తొలి దశలో నలభై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలంది. తర్వాత మైదాన ప్రాంతానికి ముప్పై వేలు అన్న కొలత వచ్చింది. ముప్పై వేల మందికి ఒక కేంద్రం అయితే, అక్కడి డాక్టరుకు ఎవరి పేరు గుర్తుంటుంది? ఇంగ్లండులో 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పటి నుంచి ప్రతి మనిషీ ఒక డాక్టరు దగ్గర పేరు రాయించుకుంటాడు. ఊరు మారితే అతని కాగితాలు కొత్త డాక్టరుకు చేరతాయి. మన పల్లెల్లో ఆ కాగితాలను రోగే మోస్తాడు. ప్రొద్దుటూరు బట్టల అంగడి పేరున్న ప్లాస్టిక్ కవరొకటి దూలానికి వేలాడుతూ ఉంటుంది. అందులో మడతలు పడి చిరిగిన మందుల చీటీలు, ఈ.సి.జి. పట్టీ, స్కానింగు ఫిల్ము, రేషను కార్డు జిరాక్సు. ఆ ఇంటి వైద్య చరిత్ర మొత్తం అదే. కవరు పోతే చరిత్రా పోయినట్టే.

డాక్టరు పల్లెకు రాకపోతే పల్లె నుంచే మనుషులను తయారుచేయాలని పట్టుబట్టినవాళ్ళు పొరుగునే ఉన్నారు. నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి ప్రజావైద్యశాల నడిపి, పల్లె యువకులకు ప్రాథమిక వైద్యం నేర్పి వాళ్ళ ఊళ్ళకే పంపారు. 1977 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం వెయ్యి మందికి ఒక ఆరోగ్య కార్యకర్త అనే పథకం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు ఆరోగ్యం అందరి హక్కని, దానికి దారి ప్రాథమిక వైద్యమని ప్రకటించాయి. ప్రకటనలు ఎట్లా ఉన్నా, పని జరిగింది కాలినడకన తిరిగినవాళ్ళ వల్లే. రాయలసీమను పీడించిన నారికురుపునే తీసుకోండి. దానికి మందు లేదు, టీకా లేదు. దిగుడుబావిలో దిగొద్దని, నీళ్ళు గుడ్డతో వడగట్టమని, కురుపు ఉన్న కాలు నీళ్ళలో పెట్టొద్దని ఇంటింటికీ చెప్పాలి. చెప్పారు. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది, 2000లో భారత్‌ను నారికురుపు లేని దేశంగా ప్రకటించారు.

1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక ఆ నడకను ఉద్యమం చేసింది. కళాజాతలతో ఊరూరూ తిరిగి, పాటలతో నాటికలతో అక్షరాస్యత గురించి, నీటి గురించి, అనవసరపు సూదుల గురించి మాట్లాడింది. వాటిలో పాల్గొన్న టీచర్లు, గుమాస్తాలు, కాలేజీ పిల్లలు జీతం కోసం వచ్చినవాళ్ళు కారు. 2000 చివర్లో కోల్‌కతాలో ప్రజారోగ్య మహాసభ జరిగి, దాని నుంచి జన స్వాస్థ్య అభియాన్ వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రి బలపడాలి, డాక్టరు పోస్టు ఖాళీగా ఉండకూడదు, మందు ఊరికే అందాలి అన్న మూడు కోరికలు అప్పటి నుంచి ఈ ఉద్యమాల నోట మారలేదు.

2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్త వచ్చింది. వెయ్యి మందికి ఒకరు, అదే ఊరి కోడలో కూతురో. సర్కారు కాగితాల్లో ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. ఈ ఒక్క మాట ఆమె బతుకును ఎంత కుదించిందో చెప్పడం కష్టం. స్వచ్ఛందం కాబట్టి జీతం లేదు, గౌరవ వేతనమే. స్వచ్ఛందం కాబట్టి చాలాకాలం ఆమె కాన్పుకు సెలవు లేదు, పక్కవాళ్ళ కాన్పుకు మాత్రం అర్ధరాత్రి ఆటో ఎక్కాలి. ధర్నాలు చేసి, ఎండలో కూర్చుని అడిగితే 2019లో రాష్ట్రంలో ఆ మొత్తం మూడు వేల నుంచి పదివేలయింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ పురస్కారం ఇచ్చింది. 180 రోజుల ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ, 62 ఏళ్ళ పదవీ విరమణ వయసు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది 2025 మార్చిలో. పురస్కారం ముందొచ్చి, సెలవు తర్వాత వచ్చింది.

ఈ మధ్యలోనే 2005లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ, 2008లో ఊరి ముంగిటికి 104 వైద్య వాహనం వచ్చాయి. ఆరోగ్యశ్రీ ఎందరో పేదల గుండెలకు ఆపరేషన్ చేయించింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. కానీ గుండె దాకా రాకముందు బి.పి. చూసే మనిషి ఎవరన్న ప్రశ్న మిగిలిపోయింది. 2022 అక్టోబరు 21న ప్రయోగాత్మకంగా మొదలై, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనంగా ఆరంభమైన ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం ఆ ప్రశ్నకు నేరుగా సమాధానం చెప్పబోయింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు. ఒకరు అక్కడ కూర్చుంటే ఇంకొకరు 104 వాహనంలో నెలకు రెండుసార్లు పల్లెకు రావాలి. రాష్ట్రంలో 10,032 విలేజ్ హెల్త్ క్లినిక్‌లు, పల్లెలోనే పరీక్షలు, మందులు. ఆలోచన మంచిది. అది నిలబడాలంటే వచ్చే డాక్టరు మారకుండా ఉండాలి. పై చదువుకు సీటు వస్తే ఒకరు, బదిలీ వస్తే ఇంకొకరు వెళ్ళిపోతుంటే, ఊరికి డాక్టరు ఉంటాడు గానీ ఇంటికి ఉండడు.

104 వచ్చే రోజు ముద్దనూరు దారిలోని ఏ పల్లెకు వెళ్ళినా కనబడేది ఇదే. పొద్దున్నే ఆశా కార్యకర్త రిజిస్టరు పట్టుకుని వీధి చివరి నుంచి మొదలుపెడుతుంది. రానివాళ్ళ ఇంటికి మళ్ళీ పోతుంది. కడప బండలు పరిచిన అరుగు మీద కూర్చున్న అవ్వను లేపి, దూలానికున్న కవరు దించి, చేయి పట్టుకుని నడిపించుకొస్తుంది. కొత్తగా వచ్చిన డాక్టరు చీటీలు తిరగేస్తూ, "పోయిన నెల ఇచ్చిన మాత్రలు వేసుకున్నావా అవ్వా?" అంటాడు.

"పోయిన తూరి వచ్చినాయన వేరే గద నాయనా," అంటుంది అవ్వ.

పక్కనున్న ఆశా అందుకుంటుంది: "షుగరు ఆరేండ్ల నుంచి ఉంది సార్. పొద్దున మాత్ర వేసుకుంటే తల తిరుగుతాదని మానేసింది. కొడుకు బెంగళూరులో ఉంటాడు, ఇంట్లో ఒక్కతే. కాలికి పుండు కూడా ఉంది, మీకు చూపించదు, నేనే చూపిస్తా." అని కిందికి వంగి, అవ్వ కాలి గుడ్డ విప్పుతుంది.