రుద్రమదేవి చివరి యుద్ధం

కత్తి పట్టిన కథానాయిక అనగానే తెలుగు పాఠకుడికి చప్పున గుర్తొచ్చే పేరు రుద్రమదేవి. అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ ఒకసారి చేతికొస్తే అన్నానికి పిలిచినా లేవని పిల్లలు ఎంతమందో! గజదొంగగా పేరుపడి, లోలోపల రుద్రమకు అండగా నిలిచే గన్నారెడ్డి, సామంతుల కుట్రలు, గుర్రాల దౌడు - పడుచు మనసుకి ఇంకేం కావాలి? తరవాత నోరి నరసింహశాస్త్రిగారు కూడా ‘రుద్రమదేవి’ అనే నవల రాశారు.

ఇదంతా నిజమేనా అని పిల్లలు అడుగుతారు. అడగాల్సిందే. తమాషా ఏమిటంటే, కట్టుకథలా అనిపించే సంగతే అసలు చరిత్ర. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురికి రుద్రదేవుడని పేరు పెట్టి, కొడుకులా రాజ్యానికి సిద్ధం చేశాడు. శాసనాల్లో ఆమె ‘రుద్రదేవ మహారాజు’. 1262 ప్రాంతంలో రాజ్యభారం పూర్తిగా ఆమె మీద పడింది. ఆడది ఏలడమేమిటని కొందరు తిరగబడ్డారు. దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. ఆయన్ని వెనక్కి తరిమింది రుద్రమ. ఓరుగల్లు కోట శిథిలాల్లో సింహం మీద కూర్చుని కత్తి, డాలు పట్టిన స్త్రీ శిల్పాలు ఇప్పటికీ కనిపిస్తాయి. అవి ఆమెవేనని పండితుల మాట.

కత్తి ఒక్కటేనా? 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. అందులో మఠం, సత్రం, పాఠశాలలతోపాటు ప్రసూతిశాల ప్రస్తావన కూడా ఉంది. వాటి పోషణకు ఇచ్చిన భూముల్లో రుద్రమ దానమూ ఉంది. మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కోపోలో ఈ దేశాన్నేలే రాణి న్యాయాన్ని మెచ్చుకున్నాడు. కాకపోతే ఆమెను రాజుగారి భార్య అనుకున్నాడు. కూతురే సింహాసనం ఎక్కిందన్న ఊహ పాపం ఆయనకు తట్టినట్టు లేదు!

సాహస నవలలు సాధారణంగా పట్టాభిషేకంతోనో పెళ్లితోనో ముగుస్తాయి. రుద్రమ జీవితం అక్కడ ముగియలేదు. చాలాకాలం చరిత్ర పుస్తకాలు ఆమె 1295 ప్రాంతం దాకా ఏలిందని రాశాయి. నల్గొండ జిల్లా చందుపట్లలో బయటపడ్డ చిన్న శాసనం ఆ లెక్కను మార్చేసింది. దాని తేదీ 1289 నవంబరు. రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలిగిందనీ, వారి పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నాననీ దాని సారాంశం.

రాణి, సేనాని ఒక్కసారే పోవడమేమిటి? అప్పటికి కాయస్థ అంబదేవుడు కాకతీయుల మీద తిరగబడి ఉన్నాడు. మల్లికార్జునుణ్ణి గెలిచానని 1290లో త్రిపురాంతకం శాసనంలో చెప్పుకున్నాడు కూడా. ఈ రెండూ కలిపి చూసి, ఇద్దరూ అంబదేవుడితో యుద్ధంలోనే నేలకొరిగారని చరిత్రకారులు ఊహించారు.

అప్పటికి రుద్రమ అమ్మమ్మ. కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు రాజ్యం అందుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ‘నాకిక చాలు, మీరు చూసుకోండి’ అని కోటలో కూర్చున్నా కాదనేవారు లేరు. ఆ వయసులో పోరుకు కదలడం పదహారేళ్లప్పుడు గుర్రమెక్కడం కంటే పెద్ద సాహసం కాదూ! బాపిరాజుగారి కాలానికి ఈ శాసనం సంగతి లోకానికి తెలియదు. ఇప్పుడు మనకి తెలుసు కనుక, ఇకముందు పిల్లలకి నవల రాసేవారు ఈ ముసలి రుద్రమను కూడా చూపించాలి. మన ఆడపిల్లలకు పరువంలోని ధైర్యం ఒక్కటే చాలదు గదా.

ఇంతకీ చందుపట్ల శాసనం వేయించినది రాజబంధువూ కాదు, ఆస్థానకవీ కాదు. పువ్వుల ముమ్మడి అని, మల్లికార్జున నాయకుడి సేవకుడు. ఏలినవారి పేరిట తనకు చేతనైనంత భూమి దానమిచ్చి, ఆ మాట రాతి మీద చెక్కించాడు. రుద్రమ ఎప్పుడు కన్నుమూసిందో ఈవాళ మనం చెప్పగలుగుతున్నామంటే అది ఆ సేవకుడి చలవే.